పాసు అక్కర్లేని దారి

డిసెంబరు రెండో శనివారం బండ్ల మీద గండికోట పోయి రావాలని దసరా సెలవుల్లోనే అనుకున్నాం. అనుకున్నది నలుగురం. నలుగురమూ బడిపంతుళ్లం, నలుగురమూ నలభై దాటినవాళ్లం. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నవాళ్లం. మాలో ఇద్దరం ఎరుకలవాళ్లం, వరసకు బావ బామ్మర్దులం, ఒకే వీధిలో పుట్టినవాళ్లం. మూడో ఆయన నంద్యాల వైపు తాండాలో పుట్టిన సుగాలి. వయసులో పెద్ద, అందుకే అన్నా అంటాం. నాలుగో వాడు ఆత్మకూరు దగ్గర చెంచుగూడెం నుంచి వచ్చినవాడు. మాకు తమ్ముడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో మేం ప్రయాణాలు చేయలేదని కాదు. మీటింగులకు, ఎన్నికల డ్యూటీలకు, పెండ్లిండ్లకు, చావులకు, ఆస్పత్రులకు పోయినాం. ఏ పనీ లేకుండా, ఊరికే చూసి రావడానికి మాత్రం ఎప్పుడూ పోలేదు. పదో తరగతి పిల్లలు విహారయాత్ర అడిగితే పర్మిషన్ కాగితాలు రాసిచ్చిన చేతులే గానీ, మాకోసం ఒక్క రోజు రాసుకున్న చేతులు కావు. ఈసారి రాసుకుందాం అన్నాడు అన్న. నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొని మొదటి పేజీలో తేదీ వేసినాడు.

మొదట వచ్చిన మాట ఎక్కడికి అని. తమ్ముడు నల్లమల అన్నాడు. చలికాలం పొద్దున ఆత్మకూరు నుంచి దోర్నాల దాకా అడివి దారి ఎంత బాగుంటుందో చెప్పినాడు. చెప్పి తనే వద్దన్నాడు. ఆ అడివి 1983లో పులుల రిజర్వు అయింది. రాత్రిపూట ఆ దారిన బండ్లను వదలరు. "మా తాతోళ్లు ఏ జామున పడితే ఆ జామున నడిచిన దారన్నా అది. గేటు కాడ నిలబడి టైము చూసుకోవాలంటే నాకెందుకో మనసు రాదు" అన్నాడు. మేం ఒత్తిడి చేయలేదు.

బావ బెలుం గుహలన్నాడు. కొలిమిగుండ్ల దగ్గర భూమి కింద 3,229 మీటర్ల పొడవున్న గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర వాటి గురించి రాసినాడని, 1982, 83లలో జర్మనీవాళ్లు దిగి కొలిచినారని, 2002లో జనాన్ని లోపలికి వదిలినారని పాఠం చెప్పినట్టు చెప్పినాడు. అన్న అడిగినాడు: కర్నూలు నుంచి బెలుం సుమారు 110 కిలోమీటర్లు. అక్కడి నుంచి గండికోట ఇంకో 60. రెండూ చూసి కర్నూలు చేరాలంటే 330 దాటుతుంది. మధ్యలో ఆగుతూ పోతే గంటకు నలభై కంటే ఎక్కువ పడదు. అంటే ఎనిమిది గంటలకు పైగా బండి మీదే. డిసెంబరులో మన వైపు పొద్దు ఆరున్నర దాటాక పొడిచి, ఆరు కాకముందే గుంకుతుంది. వెలుతురు పదకొండు గంటలు. తిండికి, టీకి, పెట్రోలుకు పోతే చూడ్డానికి మిగిలేదెంత? "రోడ్డు చూసొచ్చినట్టు ఉంటుంది" అన్నాడు బామ్మర్ది.

అందుకని బెలుం మరుసటేటికి వాయిదా వేసి, గండికోట ఒక్కటే పెట్టుకున్నాం. బయలుదేరేది కడప నుంచి. కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా పోతే సుమారు 95 కిలోమీటర్లు. రానూపోనూ 190. అయిదు గంటలు బండి, ఆరు గంటలు చూపు. ఈ లెక్క నలుగురికీ నచ్చింది. అన్న, తమ్ముడు ఇప్పుడు కడప జిల్లాలో పనిచేస్తున్నారు గానీ వాళ్ల బండ్లు ఇంటివాళ్ల పనులకు కావాలి. మేమిద్దరం కర్నూలు నుంచి ముందురోజు రాత్రి బస్సులో కడప చేరాలి. అందుకే బాడిగ బండ్లు. రెండు బండ్లు, బండికి ఇద్దరు.

నోటుబుక్కు రెండో పేజీలో ఖర్చు రాసినాం. బండికి రోజు బాడిగ ఎనిమిది వందలు, రెండింటికి పదహారు వందలు. లీటరుకు నలభై అయిదు కిలోమీటర్లు వస్తుందనుకుంటే బండికి నాలుగున్నర లీటర్లు పడుతుంది. రెండు బండ్ల పెట్రోలుకు వెయ్యి. తిండికి నాలుగు వందలు చాలు, ఎందుకంటే జొన్నరొట్టెలు, శెనక్కాయల చట్నీ, ఉల్లిగడ్డలు అన్న వాళ్లింట్లో కట్టించుకుంటాం. మొత్తం మూడు వేలు, తలా ఏడు వందల యాభై. మూడో పేజీలో మాట్లు రాసుకున్నాం: ముగ్గురు ఎక్కేది లేదు, వెనక కూర్చున్నవాడికి కూడా హెల్మెట్, చీకటి పడకముందే ఎర్రగుంట్ల దాటాలి, తాగిన చేతితో బండి ముట్టేది లేదు. తమ్ముడు నవ్వి, "పిలకాయలకు చెప్పినట్టు చెప్పుకుంటున్నాం" అన్నాడు. చెప్పుకోవాల్సిన మాటలే అవి.

దారి గీసుకుంటున్నప్పుడు బామ్మర్ది ఒక సంగతి గమనించినాడు. కడప నుంచి ముద్దనూరు దాకా మా రోడ్డు రైలు పట్టాలను అంటుకునే పోతుంది. మద్రాసు నుంచి వచ్చే లైను, బొంబాయి నుంచి వచ్చే లైను 1871లో రాయచూరు దగ్గర కలిసినాయి. కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి ఆ లైను మీదివే. ఆ మాట వినగానే మా ఇద్దరికీ అవ్వ గుర్తొచ్చింది.

మా ఎరుకలలో గంపలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు మాత్రమే ఉన్నారని చాలామంది అనుకుంటారు. ఉప్పు ఎరుకలవాళ్లని ఒక తెగ ఉంది. సముద్రం ఒడ్డు నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు పెరికెలు వేసుకుని ఎగువ సీమలకు వచ్చి, ఊరూరా ఉప్పు ఇచ్చి గింజలు తీసుకుని మళ్లీ దిగువకు పోయేవాళ్లు. మా పెద్దలు ఆ ఉప్పువాళ్లే. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు వ్యాపారాన్ని కంపెనీ తన గుత్తకు తీసుకుంది. ధర పెరిగింది. తరవాత రైలు వచ్చింది. గాడిద పది రోజులు మోసేది రైలు ఒక రాత్రిలో మోసింది. వెనకాలే 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఉప్పు పోయింది, గింజ లేదు, గాడిదలు చచ్చినాయి. తిరిగే అలవాటు మాత్రం మిగిలింది. సర్కారుకు ఆ తిరుగుడే నేరంగా కనిపించింది. రైలు మార్గం కలిసిన 1871లోనే ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో కొత్త చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్ల పేర్లు అందులో ఎక్కినాయి. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు.

మా అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పటి కథ ఇది. రాత్రిపూట మగవాళ్లందరూ హాజరు చెప్పి రావాలి. అవ్వ వాళ్ల నాయన పక్క ఊరి సంతకు గంపలు తీసుకుపోవాలంటే పాసు చీటీ కావాలి. ఏ ఊరికి, ఎన్ని దినాలకు, ఏ దారిన అని అందులో రాస్తారు. చేరిన ఊళ్లో పెద్దమనిషి సంతకం పెడితేనే ఆ రాత్రి అక్కడ ఉండనిస్తారు. ఒకసారి వాన పడి వంక పొంగి, ఒక దినం ఆలస్యంగా వచ్చినందుకు ఆయన్ని పట్టుకుపోయినారట. గంపలన్నీ సంతలోనే మిగిలినాయట. అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకే మాటతో ముగించేది: "దారి మనదేరా, సంతకం వాళ్లది."

ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లో ఎత్తేసినారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అవ్వ ఆ తరవాత యాభై ఏండ్లకు పైగా బతికింది. అయినా ఊరు దాటాల్సి వస్తే కొంగున కాగితం ఏదో ఒకటి ముడేసుకునేది. రేషన్ కార్డో, కరెంటు బిల్లో. ఎందుకవ్వా అంటే, "అడిగితే చూపడానికి" అనేది.

ఈ కథంతా నోటుబుక్కులో రాయలేదు. రాయాల్సిన అవసరం వస్తుందని కూడా అనుకోలేదు.

శుక్రవారం రాత్రి కడప చేరినాం. శనివారం తెల్లవారుజామున నలుగురం కలిసి, ముందే ఫోన్లో మాట్లాడిన బాడిగ బండ్ల అంగడికి పోయినాం. ఆరు బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆయన మర్యాదగానే, "రండి సార్, టీచర్లు గదా" అన్నాడు. లైసెన్సు, ఆధార్ అడిగినాడు. బావ ఇచ్చినాడు. ఆధార్ మీద మా వీధి పేరు ఉంటుంది. అది ఎరుకలవాడ. ఆయన కార్డు చూసి, బావ మొకం చూసి, మళ్లీ కార్డు చూసినాడు. "ఎరుకలోళ్లా మీరు?" అన్నాడు. అవునన్నాం. లోపలికి పోయి వచ్చి, డిపాజిట్టు పది వేలు అవుతుందన్నాడు. ఫోన్లో చెప్పింది రెండు వేలు. ఎందుకు పెరిగింది అంటే, "బయటోళ్లకు అంతే సార్. లేదంటే ఈ ఊరోళ్లు ఎవరన్నా జామీను ఉండాల" అన్నాడు. అన్న కడప జిల్లాలో పదేండ్ల నుంచి పనిచేస్తున్నాడని చెప్పినాం. "ఆయన కూడా మీవాళ్లే గదా" అన్నాడు.

గొడవ పెట్టుకోలేదు. కార్డు తీసుకుని బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న టీకొట్టు కాడ నిలబడినాం. అప్పటికి ఆరుంబావు. పొగమంచు ఇంకా విడవలేదు.

టీ తాగుతూ నాలుగు రకాలుగా ఆలోచించినాం. మా బడిలో పనిచేసే పెద్దకులం సారు ఒకాయనది కడపే. ఫోన్ చేస్తే నిమిషంలో వచ్చి జామీను ఉంటాడు, మంచివాడు. అది ఒక దారి. తమ్ముడి కార్డు మీద టౌన్లో అద్దె ఇంటి అడ్రసు ఉంది, ఇంకో అంగట్లో అది ఇస్తే ఎవరూ ఏమీ అడగరు. అది రెండో దారి. బస్సెక్కి పోదాం అనేది మూడోది. వెనక్కి పోదాం అనేది నాలుగోది. నాలుగోది ఎవరూ నోటితో అనలేదు, నలుగురి మొకాల్లోనూ ఉంది.

తమ్ముడు తన కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇచ్చేద్దాం అన్నా, రోజు పాడు చేసుకోవడం ఎందుకు" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. బావ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మన కార్డు దాచిపెట్టి పోతే, గండికోట చూసొచ్చేది మనం కాదబ్బా, ఇంకెవరో" అన్నాడు. ఆ పెద్దకులం సారుకు ఫోన్ చేయొద్దని కూడా బావే అన్నాడు. ఆయన వస్తాడు, సంతకం పెడతాడు, మనం కృతజ్ఞతగా ఉంటాం. అవ్వ వాళ్ల నాయనకు కూడా సంతకం పెట్టే పెద్దమనుషులు దొరికినారు, వాళ్లలోనూ మంచివాళ్లు ఉండే ఉంటారు. సంతకం కావాల్సి రావడమే అసలు బాధ.

ఇంకో అంగడికి పోదాం, అదే కార్డు ఇద్దాం, కాదంటే బస్సులో పోదాం అని తీర్మానించుకున్నాం.

రెండో అంగడి వెతకడానికి ముప్పావు గంట పట్టింది. అక్కడ ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, కొడుకు బండ్లు తుడుస్తున్నాడు. బావ అదే కార్డు ఇచ్చినాడు. ఆమె జిరాక్సు తీసి తిరిగి ఇచ్చేసింది. "లైసెన్సు ఇంకెవరికి ఉంది? రెండో బండికి గూడ పేరు రాయాల" అంది. డిపాజిట్టు రెండు వేలు. ఎన్ని గంటలకు తెస్తారని అడిగింది. ఆరున్నరకు అన్నాం. "ఏడైనా పర్లేదు నాయనా, నిదానంగా రండి" అంది. అంతే. మేం గుండె బిగపట్టుకుని నిలబడినది ఆమెకు తెలియనే తెలియదు.

యువకులకు పనికొస్తాయి కాబట్టి, అక్కడ మేం చూసుకున్నవి రాస్తున్నాం. బాడిగ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండిది. దాన్ని బాడిగకు తీసుకుని యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలకు తేదీలు చూడండి. బండి చుట్టూ ఫోన్లో వీడియో తీయండి, గీతలు, సొట్టలు కనిపించేటట్టు. బ్రేకులు, టైర్లు, లైట్లు అంగడి ముందే చూసుకోండి. కార్డుల జిరాక్సు ఇవ్వండి, అసలువి వదిలి రావద్దు. డిపాజిట్టుకు రసీదు అడగండి. అడగడానికి మొకమాట పడవద్దు. మన పిల్లల్లో ఆ మొకమాటం ఎక్కువ. మనల్ని అడిగేవాళ్లను చూసినాం గానీ, మనం అడగడం ఎప్పుడూ చూడలేదు.

బయలుదేరేటప్పటికి ఏడున్నర. గంట పోయింది. కమలాపురం దగ్గర పాపాఘ్ని దాటేటప్పుడు చేతివేళ్లు చలికి కొంకర్లు పోయినాయి. ఎర్రగుంట్ల కాడ ఆగి ఉగ్గాని బజ్జి తిన్నాం. రోడ్డు పక్కన నాపరాళ్లు పేర్చిన గుట్టలు, సిమెంటు లారీలు, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. అందమైన దారి అని ఎవరూ అనరు. నల్లరేగట్లో శెనగ పచ్చగా ఉంది. ముద్దనూరు గేటు కాడ రైలు కోసం నిలబడినాం. గూడ్సు బండి, ఎన్నో పెట్టెలు. బామ్మర్ది లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసినాడు. ఇన్ని గాడిదల పనిని ఒక్కటే మోసుకుపోతుంది గదా అనుకున్నాం. కోపం రాలేదు. మా పిల్లలు కాలేజీకి ఆ రైల్లోనే పోతున్నారు.

గండికోట చేరేసరికి పదకొండు కావచ్చింది. మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యపు కొట్టు చూసి, పెన్న లోయ అంచుకు పోయి కూర్చున్నాం. ఎర్రటి బండల మధ్య ఎక్కడో కింద నీళ్లు. గాలికి మాట వినపడదు. రొట్టెలు అక్కడే విప్పినాం.

అన్న అప్పుడు చెప్పినాడు. టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి 1652లో ఈ కోటకు వచ్చినాడట, మీర్ జుమ్లాను కలవడానికి. అదే టావెర్నియర్ తన ప్రయాణాల పుస్తకంలో, పది పన్నెండు వేల ఎద్దుల మీద బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుపోయే బిడారుల గురించి రాసినాడు. ఆ బిడారువాళ్లు సుగాలీల పెద్దలు. లదేణి అంటారు ఆ పనిని వాళ్ల భాషలో. "ఈ కొట్లో గింజలు ఎవరు మోసుకొచ్చింటారనుకున్నారు? రాజులు మోసింటారా?" అన్నాడు అన్న. ఆ బోర్డుల మీద రాజుల పేర్లున్నాయి, సేనాపతుల పేర్లున్నాయి. మోసినవాళ్ల పేర్లు లేవు. మా ఉప్పువాళ్లు ఈ కోట వాకిట దించినారో లేదో మాకు తెలిసే దారి లేదు. ఈ సీమ దారులన్నీ తిరిగినవాళ్లు కాబట్టి, దూరంగానైనా ఈ గోడలు చూసే ఉంటారు.

రెండు గంటలకు లేచి మైలవరం జలాశయం వైపు కాసేపు చూసి, వెనక్కి తిరిగినాం. చీకటి పడకముందే ఎర్రగుంట్ల దాటినాం. ఆరూ నలభైకి బండ్లు అప్పజెప్పినాం. ఆమె బండ్లు చుట్టూ చూసి, డిపాజిట్టు లెక్కపెట్టి ఇచ్చి, "బాగుండిందా?" అని అడిగింది. బాగుందమ్మా అన్నాం.

తరవాతి సోమవారం బడిలో ఏడో తరగతి పిల్లలకు లెక్కల పీరియడ్‌లో ఆ నోటుబుక్కు తీసినాం. కాలం, దూరం పాఠం. నీకు పదకొండు గంటల వెలుతురు, ఏడు వందల యాభై రూపాయలు ఉంటే ఎక్కడికి పోయి వస్తావో ప్లాను రాయమన్నాం. ఎప్పుడూ లెక్కలు రాయని పిల్లలు కూడా రాసినారు. ఒక పిల్లోడు వాళ్ల జేజి చిన్నప్పుడు నడిచిన దారి రాసినాడు. ఊర్ల పేర్లు వరసగా పదకొండు, అన్నీ ఆమెను అడిగి తెచ్చినవే. మన బడుల్లో పనిచేసే టీచర్లు ఈ పాఠం చెప్పి చూడండి. మన ముసలివాళ్లు ఏ దారిన పోయినారో, ఏ ఊళ్లో నిలబెట్టినారో, ఎవరు నీళ్లు ఇచ్చినారో పిల్లలతో రాయించండి. వాళ్లు ఉన్నప్పుడే రాయించాల.

ఆధార్‌లో అడ్రసు మార్చుకోమని ఆ తరవాత ఇద్దరు ముగ్గురు మంచిమాటగానే చెప్పినారు. మా ఇద్దరం మార్చుకోలేదు. నోటుబుక్కు పదకొండో పేజీలో వచ్చే డిసెంబరు తేదీ వేసి, కింద బెలుం అని రాసినాం. కార్డు కూడా అదే తీసుకుపోతాం.